పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు

నేను వాడిన మొదటి మూడు ఫోన్లూ ఎవరో వాడేసినవే. మొదటిది నాన్నది. దాని మైకు దెబ్బతిని ఉండేది, నేను మాట్లాడేది అవతలివాళ్లకు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది. రెండోది మేనమామ కొడుకుది. ఛార్జి నలభై శాతం దగ్గర ఉండగా ఏ సూచనా లేకుండా ఆగిపోయేది. మూడోదాని వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి వాడాను. నాలుగోదాని డబ్బా సీలును మాత్రం నేనే తెంచాను. తెంచే ముందు ఆ సీలును కూడా ఫొటో తీసుకున్నాను, రబ్బరు బ్యాండు ఫోనుతోనే.

ఆ ఫోన్ ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. అబిడ్స్‌లో ఒక కాంప్లెక్సు మూడో అంతస్తులో మా ఆఫీసు. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు ఆగకుండా చూసే యూపీఎస్‌లు, వాటి వెనక ఉండే బ్యాటరీలు మా పని. ఒక్కో ఆఫీసుకూ వెళ్లి, ప్రతి బ్యాటరీ వోల్టేజీ, వేడి కొలిచి, పక్కలు ఉబ్బాయేమో చూసి రిపోర్టు ఇవ్వాలి. రెండేళ్లు నేను సీనియర్ వెనక సంచి మోశాను. మీటరు పట్టుకుని అంకెలు చదివేది నేను, రాసేది ఆయన, కింద సంతకం ఆయనది. తర్వాత రిపోర్టులన్నీ యాప్‌లోకి మారాయి. ప్రతి బ్యాటరీకీ మీటరు అంకె కనబడేలా ఒక ఫొటో ఎక్కించాలి. నా రబ్బరు బ్యాండు ఫోను కెమెరాలో ఎనిమిదికీ ఆరుకూ తేడా తెలిసేది కాదు.

ఒకరోజు మేనేజర్ సార్ నన్ను పిలిచి, మంచి ఫోన్ ఒకటి తీసుకుంటే లక్డీకాపూల్‌లోని ఒక ఆఫీసును నాకు ఒక్కడికే ఇస్తానన్నారు. ముప్పై రెండు బ్యాటరీలు, వరసగా నాలుగు సోమవారాలు, నాలుగు రిపోర్టులు. నాలుగూ సరిగ్గా, టైముకు వస్తే ఆ సైటు నాదవుతుంది, సంతకం నాది. ఒక్కటి తప్పినా మళ్లీ సంచి. ఈ మాట ఆయన నవ్వకుండా చెప్పారు.

ఫోన్ కొన్న రోజే అబిడ్స్‌లోని సెల్‌ఫోన్ల మార్కెట్‌కు వెళ్లాను. అక్కడ ఒక మూల దుకాణంలో ముప్పై ఏళ్లుగా రిపేర్లు చేసే చాచా ఉన్నారు. డిప్లొమా అయ్యాక ఆరు నెలలు ఆయన బల్ల దగ్గరే కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఆయన ఫోన్‌ను రెండు వైపులా తిప్పి చూసి, ఒక నల్లటి రబ్బరు కేసు తీశారు. నాలుగు మూలలా దిట్టంగా ఉంది, కెమెరా చుట్టూ చిన్న గోడలా అంచు ఉంది. ముందు టెంపర్డ్ గ్లాసు అతికించి, దాని అంచుల మీదుగా కేసు బిగించారు. మాటిమాటికీ కేసు తీస్తే గ్లాసు మూలలు లేస్తాయని హెచ్చరించారు. నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇంటికి రాగానే ఫోను కోసం ఒక పేజీ తెరిచాను. ఛార్జి ఇరవై కిందికి దిగకూడదు, ఎనభై దాటకూడదు. దిండు కింద పెట్టకూడదు. ఛార్జింగ్‌లో ఉండగా వీడియోలు చూడకూడదు. కేసు తీయకూడదు. ఇలా తొమ్మిది నియమాలు. ఎనభై దగ్గర ఆగేలా సెట్టింగు కూడా పెట్టాను. ఎక్కువకాలం నిండుగా ఉంటే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది, ఇది నా వృత్తి నేర్పిన సంగతి. నాంపల్లి స్టేషను వెనక వీధిలో ఒక హాస్టల్లో మా అమ్మ వంట చేస్తుంది. ఎవరి కంచమూ సగంలో లేవనివ్వని మనిషి. ఎనభై దగ్గర ఆగిపోయిన ఫోన్‌ను చూసినప్పుడల్లా దాన్ని అర్ధాకలితో లేపేస్తున్నానని సణిగేది.

అసలు గొడవ మొదటి సాయంత్రమే జరిగింది. నాన్న వ్యాను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్ల మీదే. ఆ వ్యాను ఇంటికి వచ్చిన రోజు అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కుట్టుమిషనుకు పెట్టింది, గ్రైండరుకు పెట్టింది. నా ఫోను ఇంట్లోకి రాగానే పసుపు కలిపిన గిన్నెతో వచ్చి నిలబడింది. నేను ఫోన్‌ను వీపు వెనక దాచుకుని మూడు కారణాలు చెప్పాను. ఛార్జింగ్ రంధ్రంలోకి తడి పోతే షార్టు అవుతుంది. స్పీకరు జల్లెడలోకి తడి పోతే మాట బొంగురుపోతుంది. కెమెరా మీద తడి మరక పడితే ఫొటో మసకబారుతుంది, నా సోమవారాలు పోతాయి.

అమ్మ గిన్నెకేసి, నాకేసి చూసింది. "సరే తియ్ బిడ్డ, తడి వద్దు," అని లోపలికి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని ఆ రోజే అనుమానించాల్సింది.

సైటు ఇచ్చినప్పుడు ఆఫీసు నాకు సొంతంగా ఒక పనిముట్ల సంచి కూడా ఇచ్చింది. అందులో ఒక డిజిటల్ కాలిపర్ ఉంది. రెండు దవడల మధ్య వస్తువును పట్టిస్తే దాని మందం చెబుతుంది. బ్యాటరీ పక్కలు ఎంత ఉబ్బాయో దాంతో కొలుస్తాం. మొదటి ఆదివారం చేతిలో అలవాటు కావాలని ఇంట్లో ఉన్నవన్నీ కొలిచాను: స్టీలు గ్లాసు అంచు, తలుపు గడియ, అమ్మ గాజు, చివరికి ఫోను. కేసుతో కలిపి నడి వీపు దగ్గర 12.4 మిల్లీమీటర్లు. పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

మొదటి సోమవారం మెట్రోలో నాంపల్లి నుంచి లక్డీకాపూల్‌కు ఒంటరిగా వెళ్లాను. రెండు స్టేషన్ల దూరం. సంచి నా భుజానే ఉంది, కానీ అది మోస్తున్నట్టు లేదు. ఆ ఆఫీసు ఎలక్ట్రీషియను గది తాళం తీసి, పెద్ద సారు వెనక వస్తున్నారా అని అడిగాడు. నేనొక్కణ్నే వచ్చానన్నాను. ముప్పై రెండు ఫొటోలు, ఒక్కటి కూడా మళ్లీ తీయాల్సిన పని పడలేదు. మీటరు మీద అంకెలు అచ్చులో పోసినట్టు వచ్చాయి. రిపోర్టు ఎక్కించాక మెట్రోలో కూర్చుని ఆ ఫొటోలనే మొదటి నుంచి చివరి దాకా చూసుకున్నాను. పక్కన కూర్చున్నాయన కూడా కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం కొలిస్తే 13.0 వచ్చింది.

కాలిపర్‌ను సున్నాకు తెచ్చి మళ్లీ కొలిచాను. 13.0. రబ్బరు వేడికి సాగిందేమో అనుకున్నాను, ఎండాకాలం కదా. రెండో సోమవారం రిపోర్టు కూడా టైముకు వెళ్లింది. మరుసటి ఆదివారం 13.6. అప్పటికి ఇంకో సంగతి గమనించాను. ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి మూల మీద తడితే బొంగరంలా గుండ్రంగా తిరుగుతోంది. వీపు చదునుగా ఉన్న వస్తువు అలా తిరగదు. బ్యాటరీ వేడి చూపించే యాప్‌లో మొదటి వారం ముప్పై మూడు డిగ్రీలు ఉన్నది ఇప్పుడు ముప్పై ఆరు ఉంటోంది. మూడో సోమవారం పని ముగించాను కానీ ఫొటో తీసిన ప్రతిసారీ అరచేతిలో ఆ వీపు వంపు తగులుతూనే ఉంది.

మూడో రిపోర్టు తర్వాతి ఆదివారం 14.2.

ఉబ్బిన బ్యాటరీ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కస్టమర్లకు మేం రాసిచ్చే కాగితంలో ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఉబ్బు కనబడగానే వాడకం ఆపాలి. దాన్ని నొక్కకూడదు, వంచకూడదు, మూత ఊడదీసే ప్రయత్నం చేయకూడదు. మిగతా బ్యాటరీలకు దూరంగా పెట్టాలి. ఆ బిగుతు కేసు తీయాలంటే ఫోన్‌ను వంచక తప్పదు. అందుకే తీయలేదు. ఫోన్‌ను ఆపేసి, వంటింట్లోంచి ఇనుప మూకుడు తెచ్చి, అందులో పెట్టి, బయట పిట్టగోడ మీద ఉంచాను. అమ్మ చూసి, "ఏంది, ఫోన్‌ను గోలిస్తవా?" అంది. వేడెక్కింది, చల్లారాలి, ముట్టుకోవద్దు అని మాత్రం చెప్పాను. భయపెట్టడం ఇష్టం లేకపోయింది.

చాచా దగ్గరికి పరుగెత్తుదామంటే ఆదివారం. అబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలే ఉంటాయి. సోమవారమైనా ఆయన పదకొండు దాటాకే తీస్తారు. సైటులో నేను పదింటికి ఉండాలి. అది నాలుగో సోమవారం.

పొద్దున్నే లేచేసరికి అమ్మ ఆ మూకుడు చుట్టూ తచ్చాడుతోంది. దూరంగా ఉండమని కేక వేశాను. ఫోన్‌ను బిస్కెట్ల రేకు డబ్బాలోకి మార్చి, జనంతో నిండిన మెట్రో ఎక్కడం సబబు కాదని, అబిడ్స్‌కు నడిచే వెళ్లాను. డబ్బాను ఆఫీసు మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడన పెట్టి, 'ముట్టవద్దు' అని కాగితం అంటించి, మేనేజర్ సార్ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "గంట పనే గద. జర సేపు ఆన్ చేస్కో, ఫొటోలు తీస్కో, మళ్ల బంద్ చెయ్."

"బ్యాటరీ రూమ్‌లకు ఉబ్బిన బ్యాటరీ తీస్కపోవద్దని మనమే కస్టమర్లకు రాసిస్తున్నం సార్."

ఆ మాట అనేశాక నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. రెండేళ్లలో ఆయనకు నేను ఎదురు చెప్పిన మొదటి వాక్యం అదే. కావాలంటే సీనియర్‌ను పంపిస్తానని ఆయన అంటారనుకున్నాను. అదే జరిగితే నాలుగో రిపోర్టు నాది కాదు, నా నెల మొత్తం వృథా. ఆయన గోడ గడియారం చూశారు.

"రెండు గంటలకల్ల ఫొటోలతోని రిపోర్ట్ నా ముందల ఉండాలె. ఎట్ల తెస్తవో నాకు తెల్వదు."

పదింటికి లక్డీకాపూల్ చేరి, ఫోన్ లేకుండానే మొదలుపెట్టాను. కాగితం మీద గళ్లు గీసుకుని ముప్పై రెండు వోల్టేజీలు, ముప్పై రెండు ఉష్ణోగ్రతలు రాసుకున్నాను. ఫొటో తీసే పని లేకపోవడంతో ప్రతి బ్యాటరీ పక్కలూ తీరిగ్గా తడిమి చూశాను. పదకొండున్నరకు అది ముగిసింది. ఫొటోలు మిగిలాయి. ఎలక్ట్రీషియనుకు మళ్లీ వస్తాను, తాళం వేయవద్దు అని చెప్పి మెట్రో పట్టుకుని, నాంపల్లిలో దిగి, ఆఫీసు మేడ ఎక్కి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని మార్కెట్‌కు చేరేసరికి పన్నెండు దాటింది.

చాచా అప్పుడే బల్ల దీపం వేస్తున్నారు. రేకు డబ్బాను, దాన్ని నేను పట్టుకున్న తీరును చూసి, "ఏం బేటా, బాంబు తెచ్చినవా?" అన్నారు.

పుస్తకం తెరిచి నాలుగు కొలతలూ చూపించాను. వేడి అంకెలు చెప్పాను. బొంగరం సంగతి చెప్పాను. ఆయన అన్నీ విన్నారు. తర్వాత ఫోన్‌ను తీసుకుని, కేసు మూల కింద బొటనవేలు పెట్టి ఒక్కసారి ఎత్తారు. కేసు అరటి తొక్కలా వచ్చేసింది.

బల్ల మీద మూడు పొట్లాలు పడ్డాయి.

క్యాలెండరు కాగితం చింపి, నాలుగు మడతలు వేసి, గోటితో గట్టిగా నొక్కిన చదునైన పొట్లాలు. మడతల్లోంచి కుంకుమ కొద్దిగా బయటికి చిమ్మింది. ఒకదాని అంచున ఎండిన చామంతి రేకు కనిపిస్తోంది. చాచా భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"నీ బ్యాటరీకి బొట్టు పెట్టిన్రు బేటా," అన్నారు చివరికి.

తర్వాత ఫోన్ వీపు మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూశారు. రాలేదు. వీపు గాజుపలకలా చదునుగా ఉంది. నేను కాలిపర్ పెట్టాను. ఒట్టి ఫోను మందం 8.1, డబ్బా మీద కంపెనీ అచ్చువేసినంతే. పొట్లాలు వీపుకు దుప్పటి కప్పినట్టయి వేడి కూడా పెరిగిందని ఆయనే చెప్పారు. బల్ల మీది ఆ మూడింటినీ మాత్రం ఆయన ముట్టుకోలేదు, చేతికి గ్రీజు ఉందని, నన్నే తీసుకోమన్నారు. పక్క దుకాణాల వాళ్లు ఏమైందని తొంగి చూస్తే, ఏం లేదు, కేసు మార్చినం అని పంపించేశారు. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆటోలో లక్డీకాపూల్‌కు వెళ్లాను. ముప్పై రెండు ఫొటోలు ముప్పై నాలుగు నిమిషాల్లో అయ్యాయి. చేతిలో ఫోన్ ఎంత సన్నగా, చల్లగా ఉందో! పొద్దున రాసుకున్న అంకెలతో పోల్చి చూస్తే, రెండు బ్యాటరీల దగ్గర మాత్రం చివరి అంకెలో ఒకటి తేడా ఉంది, మిగతా ముప్పై కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి. ఒకటీ నలభై ఆరుకు రిపోర్టు ఎక్కించాను. ఎక్కిందని ఆకుపచ్చ గుర్తు వచ్చాక కూడా స్క్రీన్‌ను ఆర్పబుద్ధి కాలేదు.

సాయంత్రం మేనేజర్ సార్ పిలిచారు. ఏమైందని అడిగారు. అబద్ధం చెప్పడానికి ఒకటి రెండు మంచి మార్గాలు ఉన్నాయి. చెప్పలేదు. పొట్లాల సంగతి విన్నప్పుడు ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. నా కొలతల పుస్తకం అడిగి తీసుకున్నారు. పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపారు.

"మూడు వారాలు. మూడుసార్లు సరిగ్గ సున్నా పాయింట్ ఆరు. బ్యాటరీ గింత లెక్కగ ఉబ్బుతదా?"

నిజమే. ఉబ్బు మెల్లగా మొదలై వేగం అందుకుంటుంది, ప్రతి వారం ఒకే కొలత పెరగదు. ఆ మూడు అంకెలు మూడు వారాలుగా నా కళ్ల ముందే ఉన్నాయి.

"రెండోది. నువ్వు కేసును కొలిచినవు. బ్యాటరీని కొలవలే."

రెండూ రాసుకున్నాను. ఆయన నేను రాసేదాకా ఆగి, తన ముందున్న ట్యాబ్‌ను నా వైపు తిప్పారు. రిపోర్టు చివరి పేజీ. సంతకం గడి ఖాళీగా ఉంది, దాని పక్కన టెక్నీషియన్ అని ఉంది. వేలితో గీస్తే సంతకం వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ చేయవచ్చా అని అడిగాను. అక్కర్లేదు, పొద్దున తనకు ఎదురు చెప్పినోడు వంకర సంతకానికి భయపడుతున్నాడా అన్నారు. ఆయన నవ్వడం అప్పుడే చూశాను. వచ్చే సోమవారం నుంచి బషీర్‌బాగ్‌లో ఇంకో సైటు కూడా చూసుకోమన్నారు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ హాస్టల్ నుంచి వచ్చి చిక్కుడుకాయలు తుంచుతోంది. మూడు పొట్లాలూ ఆమె ముందు పెట్టాను. ఒకసారి చూసి, మళ్లీ కాయల్లోకి తల వంచింది.

"ఎప్పుడు పెట్టినవ్?"

"నువ్వు తానం జేసేటప్పుడు. సోమారం సోమారం. పరీక్ష గద నీకు." ఒక కాయ ఈనె తీసి పక్కన వేసింది. "నువ్వు తడి వద్దన్నవ్. పొడి వద్దనలే."

నా మూడు కారణాలనూ మనసులో తిప్పి చూసుకున్నాను. ఛార్జింగ్ రంధ్రంలో తడి, స్పీకరులో తడి, కెమెరా మీద తడి. ఆమె వాటిలో దేన్నీ మీరలేదు. నేను నెల రోజులు బిగుతు కేసు అని ముట్టుకోని దాన్ని, ఆమె మూడుసార్లు విప్పి, గ్లాసు మూల కూడా లేవకుండా తిరిగి బిగించింది. కోపం తెచ్చుకుందామని వచ్చినవాణ్ని, ఆమె పక్కన కూర్చుని రెండు కాయలు తుంచాను.

కాసేపటికి, తన కుంకుమ వల్ల ఫోన్ ఖరాబైందా అని తగ్గిన గొంతుతో అడిగింది. కాలేదని, దానికి ఏమీ కాలేదని చెప్పాను.

"మరి సంతకం?"

ఫోన్ తీసి చివరి పేజీ చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేశాను. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. ఏది నీ పేరు అని అడిగి, నేను చూపించిన చోట చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, ఒకసారి నాకియ్యి అంది. మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా ఆ ఫోన్‌ను ఆమె నా ఎదుట చేతిలోకి తీసుకున్నది లేదు. బ్యాటరీల ఫొటోలు ఎక్కడ ఉన్నాయో, వేలితో ఎట్లా జరపాలో చెప్పించుకుని, బయటికి నడిచింది.

పక్కింటావిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. అమ్మ ఆమె పక్కన చతికిలబడింది. నాకు లోపలికి వినిపిస్తూనే ఉంది: ఇది ఒకటో నంబరు, ఇది రెండో నంబరు, ఇది మూడు. ఏడో నంబరు దగ్గర పక్కింటావిడ, అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి గద అక్కా, ఫరక్ ఏముంది అని అడిగింది.

"నీకు కనవడదు," అంది అమ్మ. "మా వానికి కనవడ్తది." వేలితో ఎనిమిదో నంబరుకు జరిపింది. ముప్పై రెండూ అయ్యేదాకా ఆమెను లేవనివ్వలేదు.